రసిని చూసి కట్టు కట్టనివ్వండి: షుగరు పాదాల గాయాల గురించి వైద్య ఆరోగ్య శాఖకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ కార్యదర్శి గారికి,
రాష్ట్ర వైద్య సేవలు, మౌలిక సదుపాయాల అభివృద్ధి సంస్థ మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

నమస్కారం.

నేను ప్రభుత్వ ఆసుపత్రుల్లో 31 ఏళ్లు నర్సుగా పనిచేసి, హెడ్ నర్సుగా పదవీ విరమణ చేశాను. ఆ ఏళ్లలో సగానికి పైగా సర్జికల్ వార్డుల్లోనూ వాటిని ఆనుకుని ఉండే డ్రెస్సింగ్ గదుల్లోనూ గడిచాయి. ఇప్పటికీ మా ఊళ్లోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ షుగరు పుండుతో మంచం పట్టినవారి ఇళ్లకు వెళ్లి కట్లు మారుస్తుంటాను. నేను డాక్టరును కాను గనక ఏ మందు వాడాలో, ఎవరికి ఆపరేషన్ చేయాలో ఈ లేఖలో చెప్పబోవడం లేదు. కట్టు గురించి మాత్రమే రాస్తున్నాను. పాదం మీది గాయంలో ఏం పెడుతున్నాం, పైన ఏం కప్పుతున్నాం, గాయంలో ఊరే రసిని అది ఎంత పీలుస్తుంది, ఎన్నాళ్లకు తీస్తున్నాం, తీసినప్పుడు లోపల పెట్టినదంతా బయటికి వచ్చిందో లేదో ఎవరు చూస్తున్నారు అన్నవి ఒక్కో గాయానికి ఒక్కో విధంగా తేలవలసిన విషయాలు. నేను పనిచేసిన చోట్ల మాత్రం అన్ని గాయాలకూ ఒకే పద్ధతి నడిచింది. బెటాడిన్‌లో ముంచిన గాజు గుడ్డ (గాజ్ అనే పలుచని జాలీ గుడ్డ), దాని మీద దూది, ఆపైన రోలర్ బ్యాండేజీ, రోజుకొకసారి. స్టోరులో ఉన్నవి అవే కాబట్టి చేతులకు అలవాటైనదీ అదే.

ఈ లేఖ రాయడానికి నన్ను కూర్చోబెట్టింది గోదావరి డెల్టాకు చెందిన ఒక కౌలురైతు పాదం. ఆయనకు బొటనవేలి మొదట్లో, అరికాలి వైపు ఆనె కట్టింది. ఆనె కింద చీము పట్టింది. ఒక పెద్ద ఆసుపత్రిలో కోసి, శుభ్రం చేసి, లోతుగా ఏర్పడిన గుంతలో గాజు గుడ్డ పెట్టి, రోజూ కట్టు మార్పించుకోమని చెప్పి ఇంటికి పంపారు. ఆ తర్వాత రెండు నెలల్లో ఆ కట్టు కనీసం నాలుగు చేతులు మారింది. మొదట ఆసుపత్రి డ్రెస్సింగ్ గది, తర్వాత ఊరి ఆర్ఎంపీ, మధ్యలో కొన్నాళ్లు ఆయన కోడలు, చివరికి నేను. నేను చూసేనాటికి గాయం పైకి రూపాయి బిళ్లంతకు కుంచించుకుపోయి, చూసినవారికి మానుతున్నట్టే ఉంది. పక్కన ఉన్న సన్నని రంధ్రం నుంచి మాత్రం వాసనతో రసి కారడం ఆగడం లేదు. సెలైన్‌తో కడిగి, సన్నని ఫోర్సెప్స్‌తో మెల్లగా వెతికితే నల్లబడి పీచుపీచైన గాజు గుడ్డ ముక్క ఒకటి చేతికి తగిలింది. ఎన్ని వారాలుగా లోపల ఉందో ఎవరికీ తెలియదు. అంతకుముందు తీయించిన ఎక్స్‌రేలో అది కనబడలేదు, ఎందుకంటే మామూలు గాజు గుడ్డ ఎక్స్‌రేలో కనబడదు. ఆయనకు నొప్పీ తెలియలేదు, ఎందుకంటే ఏళ్ల తరబడి అదుపు తప్పిన షుగరు ఆయన పాదాల్లో స్పర్శ తెలిపే నరాలను ఎప్పుడో మొద్దుబార్చింది. సర్జను గారి దగ్గరికి పంపాను. అప్పటికే ఎముకకు పట్టిందని తేలి, బొటనవేలు తీసేయవలసి వచ్చింది.

ఆ నాలుగు చేతుల్లో ఏ ఒక్కదాన్నీ నేను నిందించను, నా చేయి కూడా అందులో ఒకటి. లోపల ఎన్ని ముక్కలు పెట్టారో మొదటివారు రాసి ఉంటే రెండోవారు లెక్క చూసుకునేవారు. రాయడానికి ఆ రోగి దగ్గర డిశ్చార్జి కాగితం తప్ప మరో చోటు లేదు. అందులో ‘రోజూ డ్రెస్సింగ్’ అన్న రెండు మాటలే ఉన్నాయి.

భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా చేయించిన ఇండియాబ్ అధ్యయనం 2023లో వెలువడినప్పుడు, మన దేశంలో షుగరు ఉన్నవారు 10.1 కోట్ల మంది అని, పెద్దవారిలో 11.4 శాతం అని తేలింది. వీరిలో చాలామందికి కాలం గడిచేకొద్దీ పాదాల్లో తిమ్మిర్లు మొదలై, తర్వాత తిమ్మిరి కూడా తెలియనంతగా స్పర్శ పోతుంది. అలాంటి పాదానికి చెప్పులోని రాయి తెలియదు, పొలం గట్టు మీది తుమ్మముల్లు తెలియదు, మే నెల మధ్యాహ్నం గుడి ప్రాంగణంలో బండరాళ్ల మీద ప్రదక్షిణ చేస్తే అరికాలు కాలుతున్న సంగతీ తెలియదు. గాయం అయ్యాక తెలియదు, కుళ్లాక తెలియదు. అందుకే మామూలు గాయానికి చెల్లిపోయే కట్టు ఈ పాదానికి చెల్లదు. మామూలు మనిషికి కట్టు బిగిస్తే ‘అమ్మా, నొప్పి’ అంటాడు, మనం సడలిస్తాం. ఇక్కడ ఆ మాట చెప్పే నోరు మూగబోయింది కాబట్టి కట్టు కట్టేవారే కళ్లతో, వేళ్లతో అన్నీ గమనించాలి.

ముందు రసి గురించి నాలుగు మాటలు చెప్పాలి, ఎందుకంటే మన డ్రెస్సింగ్ గదుల్లో రసినీ చీమునూ ఒకటిగానే చూస్తారు. చీము చిక్కగా, వాసనతో, పచ్చగానో ఆకుపచ్చగానో ఉంటుంది. అది లోపల క్రిములు పెరుగుతున్నాయనడానికి గుర్తు, డాక్టరు చూడవలసినది. రసి పలుచగా, లేత పసుపురంగులో, ఒక్కోసారి లేత ఎరుపుగా ఉంటుంది. మానుతున్న గాయానికి అది కొంత అవసరం, ఎందుకంటే కొత్త చర్మపు కణాలు ఆ తడి మీదనే పాకుతూ ముందుకు వస్తాయి. ‘గాయానికి గాలి తగలాలి, పక్కు కట్టాలి’ అని మన పెద్దలే కాదు, నాకు నర్సింగ్ నేర్పినవారిలోనూ కొందరు అనేవారు. జార్జ్ వింటర్ అనే శాస్త్రవేత్త 1962లోనే పంది చర్మం మీద చేసిన గాయాలతో చూపించినది ఇందుకు విరుద్ధం. పలుచని పాలిథిన్ పొర కింద తడిగా ఉంచిన గాయాల మీద కొత్త చర్మం, గాలికి ఆరి పక్కు కట్టిన గాయాలతో పోలిస్తే దాదాపు రెట్టింపు వేగంతో అల్లుకుంది. ఆ మాట వెలువడి 60 ఏళ్లు దాటినా మన డ్రెస్సింగ్ బల్లల దగ్గరికి ఇంకా పూర్తిగా చేరలేదు.

తడి అవసరమంటే నానబెట్టమని కాదు. రోజంతా నాట్లు వేసి ఇంటికి వచ్చిన కూలీ వేళ్లు ఎలా తెల్లగా ముడతలు పడి ఉంటాయో అందరమూ చూశాం. రసి పీల్చలేని కట్టు కింద గాయం అంచులు సరిగ్గా అలాగే నాని తెల్లబడి, మెత్తబడి, నడిచినప్పుడల్లా చిరిగి, పుండు మరింత వెడల్పవుతుంది. రసి తక్కువగా ఉన్న గాయంలో పొడి గాజు గుడ్డ పెడితే దానికి వ్యతిరేకం జరుగుతుంది. గుడ్డ ఆరిపోయి, మొలుస్తున్న ఎర్రటి కండకు అంటుకుని, మర్నాడు లాగినప్పుడు ఆ కండనే ఊడదీస్తుంది. స్పర్శ ఉన్న రోగి కేక పెడతాడు, స్పర్శ లేని రోగి మనతో కబుర్లు చెబుతూనే ఉంటాడు. గుడ్డ మీద చుక్కలుగా కనిపించే నెత్తురు తప్ప మరే సాక్ష్యమూ మిగలదు. రోజూ నాటి రోజూ పీకేసే మొక్క ఎలా బతుకుతుంది? కనీసం తీసేముందు సెలైన్ పోసి ఐదు నిమిషాలు నాననివ్వమని నేను కొత్తగా వచ్చిన ప్రతి నర్సుకూ చెప్పేదాన్ని. గది బయట అరవై మంది వరసలో నిలబడి ఉన్నప్పుడు ఆ ఐదు నిమిషాలు ఎక్కడి నుంచి తేవాలని వారు అడిగితే నా దగ్గర సమాధానం ఉండేది కాదు.

అందుకే సరుకు గురించి అడుగుతున్నాను, కొత్త బ్రాండ్ల కన్నా ముందు పాత దూది నుంచే మొదలుపెడతాను. పత్తికి పుట్టుకతోనే సన్నని మైనపు పూత ఉంటుంది. ఇంట్లో దీపం వత్తులకు ఉంచుకున్న దూదిని నీళ్లలో వేస్తే అది తేలుతుందే తప్ప నీటిని పీల్చదు. క్షారంలో ఉడికించి, తెల్లబరిచి, ఆ పూతను పోగొట్టాకే అది సర్జికల్ దూది అవుతుంది. మంచి దూదో కాదో తెలుసుకోవడానికి ఔషధ ప్రమాణాల గ్రంథాలు చెప్పే పరీక్ష ఎంతో సులువైనది. నీటి మీద వేసిన దూది 10 సెకన్లలోపు మునిగిపోవాలి. నేను హెడ్ నర్సుగా ఉన్నప్పుడు కొత్త కట్ట వచ్చిన ప్రతిసారీ స్టీలు బేసిన్‌లో ఈ పరీక్ష చేసేదాన్ని. 10 సెకన్లు గడిచి, అర నిమిషం గడిచి, ఇంకా తేలుతూనే ఉన్న దూదిని నా కళ్లతో చూశాను. రసిని పీల్చని దూది ఎంత మందంగా వేసినా గాయానికి దుప్పటి కప్పినట్టే అవుతుంది. సరఫరా కేంద్రాల్లో చేసే పరీక్షలతో పాటు, ఈ బేసిన్ పరీక్షను ప్రతి ఆసుపత్రి స్టోరులోనూ తప్పనిసరి చేసి, మునగని కట్టలను తిప్పి పంపే అధికారం స్టోరు ఇన్‌చార్జి నర్సుకు ఇవ్వండి. దీనికి మీకు పైసా ఖర్చు లేదు.

ఇక ప్యాడ్లు. దూదిని నేరుగా గాయం మీద పెట్టకూడదు, పీచు లోపల ఇరుక్కుని మరో పుండుకు కారణమవుతుంది. రెండు గాజు గుడ్డ పొరల మధ్య దూదిని పరిచే పద్ధతిని 1880లో బర్మింగ్‌హామ్ సర్జను జోసెఫ్ శాంప్సన్ గాంజీ తెచ్చారు. మన వార్డుల్లో మధ్యాహ్నం పూట కూర్చుని చుట్టి, డ్రమ్ముల్లో పెట్టి, ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవ్‌కు పంపే గాంజీ ప్యాడ్లకు ఆయన పేరే నిలిచింది. అది మంచి ప్యాడ్, నేటికీ పనికొస్తుంది. అయితే బరువు పడగానే పీల్చిన రసిని తిరిగి గాయం మీదకే వదిలేయడం దాని లోపం. అరికాలి గాయం మీద బరువు పడకుండా ఉండదు కదా. ఈమధ్య వచ్చిన అతిగా పీల్చే ప్యాడ్లలో, పసిపిల్లల డైపర్లలో ఉండేలాంటి పదార్థం రసిని జిగురుగా మార్చి పట్టి ఉంచుతుంది. ఇవి అందక, ఇళ్లలో శానిటరీ ప్యాడ్లను శుభ్రమైన గాజు గుడ్డ పొర మీద పై కట్టుగా వాడుకోమని నేనే చాలామందికి చెప్పాను. సిగ్గుపడి మానేసినవారూ ఉన్నారు, వాడి బాగుపడినవారూ ఉన్నారు. ఆ సలహా చెప్పవలసిన అవసరం లేకుండా చేయడం మీ చేతిలో ఉంది.

ఆల్జినేట్, ఫోమ్ అనే రెండు రకాల గురించి జాగ్రత్తగా రాయాలి, ఎందుకంటే వీటి పేరుతో అమ్మకాలు చేసేవారి మాటలు పెద్దవి. ఆల్జినేట్‌ను గోధుమరంగు సముద్రపు నాచు నుంచి తీస్తారు. అందులోని కాల్షియం, రసిలోని సోడియంతో చోటు మార్చుకోగానే ఆ పీచంతా మెత్తటి జెల్లీలా మారి, తన బరువుకు 15 నుంచి 20 రెట్ల రసిని పట్టుకుంటుంది. చిన్నపాటి నెత్తురు కారడాన్ని కూడా ఆపుతుంది. తాడులా దొరికే ఆల్జినేట్‌ను రసి బాగా కారే గుంతలో వదులుగా పరిస్తే, తీసేటప్పుడు కండకు అంటుకోకుండా సెలైన్‌తో జారి వస్తుంది. పొడి గాయంలో పెడితే మాత్రం గాజు గుడ్డ కన్నా గట్టిగా ఎండి కూర్చుంటుంది. ఫోమ్ మెత్తటి స్పాంజి లాంటిది. రసి మధ్యస్థంగా ఉన్న గాయం మీద కప్పితే రెండు మూడు రోజులు మార్చకుండా ఉంచవచ్చు.

ఇవి వాడితే పుండు త్వరగా మానుతుందని నేను అనడం లేదు. మధుమేహ పాదం మీద పనిచేసే అంతర్జాతీయ నిపుణుల బృందం 2023లో సవరించిన మార్గదర్శకాలు కట్టును రసి అదుపు, రోగి సౌకర్యం, ఖర్చు అన్న మూడింటిని బట్టి ఎంచుకోమంటాయి. పుండును మాన్పించే ఉద్దేశంతో ఆల్జినేట్‌ను గానీ, వెండి కలిపిన కట్లను గానీ, తేనె కట్లను గానీ వాడమని అవి సిఫారసు చేయవు. కాబట్టి ఖరీదైన వెండి కట్లను కొనిపించడానికి వచ్చేవారికి ఆ మార్గదర్శకాలనే చూపించండి. నా వాదన వేరు. రసి ఎక్కువగా ఉన్న పుండుకు గాజు కట్టు అయితే రోజుకు ఒకటి రెండు సార్లు మార్చాలి. ప్రతిసారీ ఆ కూలీ మనిషి పని మానుకుని, ఆటో మాట్లాడుకుని, అదే పాదం మీద నడుచుకుంటూ రావాలి. కట్టు రెండు రోజులు నిలిస్తే ఆ నడక సగానికి తగ్గుతుంది. ఆటో ఖర్చు, పోయిన కూలి, నర్సు చేతి సమయం కలిపి లెక్కవేస్తే ఫోమ్ ముక్క ధర ఎక్కువో తక్కువో అప్పుడు తేలుతుంది. ఆ లెక్క మన కొనుగోలు పట్టికల్లో ఎక్కడా కనబడదు, అక్కడ ముక్క ధర ఒక్కటే ఉంటుంది.

లోతైన గాయంలో గుడ్డ నింపే పద్ధతి గురించి మీ శిక్షణ పుస్తకాల్లో ఒక పేజీ అయినా చేర్చాలని కోరుతున్నాను. ముందు సెలైన్‌తో కడగాలి. క్రిములు లేకుండా శుద్ధి చేసిన సన్నని పుల్లలాంటి ప్రోబ్‌తో లోతు ఎంతో, పక్కలకు సొరంగాలు ఉన్నాయో లేదో చూడాలి. ప్రోబ్ కొసకు గట్టిగా, రాయిలా ఎముక తగిలితే ఎముకకు చీము పట్టి ఉండవచ్చని అనుమానించి, అక్కడితో ఆపి సర్జనుకు పంపాలి. గుంతలో ముక్కలు ముక్కలుగా కాక రిబ్బన్‌లా ఉండే ఒకే పొడవైన గాజు గుడ్డను పరచాలి. బిగించి కుక్కడం మన దగ్గర బాగా పాతుకుపోయిన తప్పు. సీసాకు బిరడా బిగించినట్టు కుక్కితే రసికి బయటికి దారి ఉండదు, చుట్టూ ఉన్న కండకు నెత్తురు అందదు. గుంత నాలుగు వైపులా తగిలేలా, వదులుగా, మంచంలో పరుపు పరిచినట్టు పరచాలి. కొసను ఒకటి రెండు అంగుళాలు బయటికి వదిలి, చర్మానికి టేపుతో అంటించాలి. రిబ్బన్‌లో ఎక్స్‌రేకు కనబడే దారం ఉంటే, ఆ కౌలురైతు విషయంలో జరిగినది మరొకరికి జరిగే అవకాశం చాలా తగ్గుతుంది. అలాంటి దారం ఉన్న గాజును ఆపరేషన్ థియేటర్లకు కొంటూనే ఉన్నాం, డ్రెస్సింగ్ గదికి కూడా కొనండి.

వేలి గాయాల గురించి ఒక్క మాట. కట్టు జారిపోతుందని వేలి చుట్టూ ప్లాస్టరును ఉంగరంలా చుడతారు. సాయంత్రానికి పాదం వాస్తే ఆ ఉంగరమే ఉరి అవుతుంది. స్పర్శ లేని మనిషికి మర్నాడు వేలు నల్లబడే దాకా తెలియదు. వేళ్ల సందుల్లో పలుచని గాజు గుడ్డ మడత పెట్టి, టేపును పాదం పైభాగం మీదకు పొడవుగా అంటిస్తే చాలు.

ఇప్పటివరకు చెప్పినది నెత్తురు ప్రసరణ బాగున్న పాదానికే వర్తిస్తుంది. నాళాలు మూసుకుపోయి, ఎండి, నల్లగా గట్టిపడిన వేలు ఉన్నప్పుడు అది పొడిగా ఉండటమే మేలు. తడి కట్టు పెట్టి దాన్ని మెత్తబరిస్తే పొడి కుళ్లు తడి కుళ్లుగా మారి కాలికే ముప్పు వస్తుంది. అలాంటి వేలికి పైపైన బెటాడిన్ పూసి, పొడి గాజు గుడ్డ చుట్టి, రక్తనాళాల వైద్యులకు చూపించే వరకు కదపకూడదు. బెటాడిన్‌కు ఉన్న చోటు అది. మొలుస్తున్న ఎర్రటి కండ మీద రోజూ పోస్తే కొత్త కణాలకు హాని చేస్తుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ నురగ చూసి గాయం శుభ్రమైందని సంతోషించే అలవాటు కూడా మానాలి. కడగడానికి సెలైన్ చాలు. ఆ సెలైన్ కూడా పెద్ద సీసాల్లో వచ్చి, ఉదయం మూత తీసినది మర్నాటికీ బల్ల మీదే ఉండటం చూశాను. 100 మిల్లీలీటర్ల చిన్న సీసాలు పంపితే ఆ ఇబ్బంది తొలగుతుంది.

కట్టు ఎంత మంచిదైనా దాని మీద నడిస్తే అది అరికాలి కింద పెట్టిన రాయే. రసి పీల్చాలని మందంగా వేసిన ప్యాడే పుండు మీద ఒత్తిడిని పెంచుతుంది. ఈ సంగతి మన తెలుగు నేల మీద కొత్తదేమీ కాదు. స్పర్శ లేని పాదాలను మనకన్నా ముందు అర్థం చేసుకున్నది కుష్ఠు ఆసుపత్రులు. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన సర్జను పాల్ బ్రాండ్, కుష్ఠు రోగుల పుండ్లు మానకపోవడానికి కారణం వారి కండ చెడిపోవడం కాదని, నొప్పి తెలియక అదే చోట పదే పదే బరువు పడటమేనని చూపించి, పాదాన్ని అచ్చు పోసినట్టు అంటుకుని ఉండే ప్లాస్టరు కట్టుతో పుండ్లను మాన్పించారు. నేడు షుగరు పాదాలకు ప్రపంచమంతటా వాడుతున్న ముఖ్య పద్ధతుల్లో అదొకటి. మన డిచ్‌పల్లిలో 1915లో మొదలైన ఆసుపత్రిలో, సాలూరు కుష్ఠు ఆసుపత్రిలో పనిచేసిన తరాల సిబ్బంది పాదాలను నానబెట్టడం, ఆనెను గీకడం, నూనె రాయడం, మెత్తటి ఎంసీఆర్ రబ్బరు చెప్పులు తొడిగించడం చేతులారా చేశారు. కుష్ఠు తగ్గిందని ఆ విద్యను మరిచిపోతున్న రోజుల్లోనే అదే పాదం షుగరు రూపంలో తిరిగి వచ్చింది. ఆ ఆసుపత్రుల్లో ఇంకా మిగిలిన పాత ఫిజియో టెక్నీషియన్లను, చెప్పులు కుట్టేవారిని పిలిపించి, జిల్లా ఆసుపత్రుల నర్సులకు నేర్పించమని చేతులు జోడించి అడుగుతున్నాను. వారు కూడా పెద్దవారైపోతున్నారు.

మన దగ్గర పాదవైద్యం వేరే వృత్తిగా ఇంకా నిలదొక్కుకోలేదు కాబట్టి ఆ పని నర్సులూ సర్జన్లే చేయాలి. భారత్, టాంజానియాలలో మొదలైన ‘స్టెప్ బై స్టెప్’ పాద సంరక్షణ శిక్షణలో ఒక డాక్టరునూ ఒక నర్సునూ జంటగా పిలిచి నేర్పించారు. నాకు నచ్చినది ఆ జంట అన్న ఆలోచన. డాక్టరుకు మాత్రమే నేర్పితే డ్రెస్సింగ్ గది మారదు, నర్సుకు మాత్రమే నేర్పితే ఆమె మాట చెల్లదు.

రసిని చూసి ఎప్పుడు భయపడాలో గ్రామ స్థాయిలో ఉన్న మధ్యస్థాయి ఆరోగ్య సేవకులైన ఎంఎల్‌హెచ్‌పీలకు, ఏఎన్‌ఎంలకు, ఆశా కార్యకర్తలకు తప్పక చెప్పాలి. నిన్నటి వరకు పొడిగా వచ్చిన కట్టు ఈరోజు తడిసి ముద్దయిందంటే ఆ మనిషి ఎక్కువగా నడిచాడు, లేదా లోపల క్రిములు పుట్టాయి. గాయం చుట్టూ ఎరుపు రెండు సెంటీమీటర్లు దాటినా, వాసన వచ్చినా, జ్వరం వచ్చినా, కారణం లేకుండా షుగరు పెరిగినా మర్నాటి వరకు ఆగకూడదు. స్పర్శ లేని పాదం అకస్మాత్తుగా నొప్పి పెట్టినా అంతే. పప్పు తింటే చీము పడుతుందని ఇళ్లలో రోగికి చారన్నమే పెట్టడం కూడా వారే మాన్పించాలి. రసితో పాటు ఒంట్లోని ప్రొటీన్ బయటికి పోతుంటే, లోపలికి వెళ్లే పప్పునూ గుడ్డునూ మనమే ఆపేస్తున్నాం.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతంలో రోజుల తరబడి నీళ్లు నిలిచినప్పుడు, కాళ్లకు కట్లున్నవారు ఆ మురికి నీళ్లలోనే నడిచి మందులకూ పాలకూ వెళ్లారు. తడిసిన గాజు కట్టు రసిని బయటికి లాగడానికి బదులు ఆ నీటిని లోపలికి లాగుతుంది. వరద సమయంలో పంపే మందుల పెట్టెల్లో నీరు చొరని పై కట్లు కొన్ని ఉంచమని కూడా ఈ సందర్భంగా మనవి చేస్తున్నాను.

డబ్బు గురించి. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీగా మొదలై నేడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం ఎన్నో ఇళ్లను అప్పుల నుంచి కాపాడింది, నేను దాన్ని దగ్గరి నుంచి చూసినదాన్ని. అయితే నేను వెళ్లే ఇళ్లలో ఆపరేషన్ ఖర్చు పథకం భరించినా, ఆ తర్వాత నెలల తరబడి సాగే కట్ల ఖర్చు ఇంటివారే భరిస్తున్నారు. గాజు, టేపు, సెలైన్, ఆటో అంటూ ఇల్లాలి చెవి దిద్దులు కరిగిపోతాయి. అవి కరిగాక కట్టు రోజు విడిచి రోజు, ఆపైన వారానికొకసారి అవుతుంది. చివరికి మళ్లీ ఆసుపత్రిలో చేరి, ఈసారి మోకాలి కింద వరకు తీయించుకుంటారు. డిశ్చార్జి రోజునే ఒక నెలకు సరిపడా కట్టు సామగ్రిని సంచిలో పెట్టి ఇచ్చి, ఆ ఖర్చును చికిత్సలో భాగంగా లెక్కించమని నా విజ్ఞప్తి.

సామగ్రితో పాటు ఒక చీటీ ఇవ్వండి. దాన్ని కట్టు చీటీ అనండి, మరే పేరైనా పెట్టండి. తెలుగులో ఉండాలి, అట్టలాంటి కాగితం మీద ఉండాలి, రోగి దగ్గరే ఉండాలి. తేదీ, గాయం పొడవు, లోతు, రసి ఎంత, లోపల పెట్టినది ఏమిటి, ఎన్ని ముక్కలు, మళ్లీ ఎప్పుడు తీయాలి, కట్టినవారి సంతకం అన్న గళ్లు ఉంటే చాలు. తీసినవారు ఎన్ని ముక్కలు తీశారో పక్క గడిలో వేయాలి. రెండు అంకెలూ కలవకపోతే ఆ రోగి ఇంటికి కాదు, సర్జను దగ్గరికి వెళ్లాలి. నా చివరి రెండేళ్ల ఉద్యోగంలో పాత కేసు షీట్ల వెనకవైపు చేత్తో గళ్లు గీసి, మా డ్రెస్సింగ్ గదిలో ఇది నడిపించాను. మొదట్లో విసుక్కున్న సిబ్బందే, ఒకరోజు చీటీలో రెండని ఉండి చేతికి ఒకటే వచ్చినప్పుడు, రెండోది దొరికే వరకు ఆ రోగిని బల్ల మీది నుంచి దిగనివ్వలేదు.

రాష్ట్రమంతటా ఒకేసారి చేయడం కష్టమైతే ఒక జిల్లాతో మొదలుపెట్టండి. జిల్లా ఆసుపత్రిలో ఒక బల్లను పాదాల గాయాలకే కేటాయించి, ఎక్స్‌రే దారం ఉన్న రిబ్బన్ గాజు, పీల్చే ప్యాడ్లు, పరిమితంగా ఆల్జినేట్, ఫోమ్, చిన్న సెలైన్ సీసాలు, చీటీలు అక్కడ ఉంచి, ఆరు నెలల్లో ఎన్ని కట్లు మార్చారో, ఎందరు తిరిగి చేరారో, ఎన్ని వేళ్లు తీయవలసి వచ్చిందో లెక్క రాయించండి. ఆ బల్ల దగ్గర నిలబడి కొత్త పిల్లలకు చేయి పట్టి నేర్పడానికి జీతం లేకుండా వస్తాను. నేను గీసుకున్న చీటీ నమూనాను ఈ లేఖతో జతచేస్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత హెడ్ నర్సు